15 ఏళ్ల బండి ఎఫ్‌సీకి వెళితే

(కర్నూలులో లారీ, ఆటో యజమానులు, డ్రైవర్లు, మెకానిక్‌ల సమావేశంలో ఒక విశ్రాంత మోటారు వాహనాల తనిఖీ అధికారి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మాట్లాడతాడంటే ముందు వరసలో ఎవరూ కూర్చోరు, అది నాకు అలవాటే. కానీ నేను రిటైరయ్యాను నాయనా. ఇప్పుడు నా చేతిలో చలానా పుస్తకం లేదు. ధైర్యంగా రండి.

పాత బండ్లు, ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఈ విషయం మీద మాట్లాడమన్నారు. మొదట ఒక పుకారు సంగతి తేల్చేద్దాం. "సార్, 15 ఏళ్లు దాటితే బండిని తుక్కుకు పంపించేస్తారట కదా?" ఈ ప్రశ్న నన్ను టీకొట్టు దగ్గర అడుగుతారు, పెళ్లి పందిట్లో అడుగుతారు. ఎవరు చెప్పారయ్యా అంటే ఫోనులో వచ్చిందంటారు. ఫోనులో వచ్చింది ఢిల్లీ సంగతి. అక్కడి గాలి బాగాలేక 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్, ఆ తర్వాత 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లకు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లకు ఆంక్షలు వచ్చాయి. ఇంకో వార్త కూడా దీనితో కలిసిపోయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. అది నిజమే. కానీ అది ప్రభుత్వ బండ్లకు, ఆర్టీసీ బస్సులకు. మీ లారీకీ మీ ఆటోకీ ఆ లెక్క వర్తించదు. ఎఫ్‌సీలో పాసైతే తిరుగుతుంది, కాకపోతే ఆగుతుంది. ఇంతే. ఇక ఈ మాట ఎవరూ అడగకండి, అడిగితే టీ మీరే తాగించాలి.

గడువుల సంగతి త్వరగా చెప్పేస్తాను, మీలో చాలామందికి తెలిసిందే. లారీ, ఆటో, ట్యాక్సీ లాంటి రవాణా వాహనం కొత్తదైతే మొదటి రెండేళ్లు బెంగ లేదు. ఆ తర్వాత బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి. ఎనిమిది దాటిందా, ఇక ఏటా. సొంత కారు, స్కూటరు, వ్యవసాయ ట్రాక్టరు అయితే 15 ఏళ్ల వరకు రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ తర్వాత బండిని చూపించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. స్కూలు బస్సుల వాళ్లు ఎవరైనా వచ్చారా? వచ్చారు, మంచిది. మీ ఎఫ్‌సీ ఏటా మే 15తో అయిపోతుంది. బడి రేపు తెరుస్తారనగా ఈ రోజు వచ్చి వరసలో నిలబడి, "సార్, పిల్లలు సార్" అనకండి. పిల్లలనే కదా మే నెల మొత్తం ఇచ్చింది?

ఇప్పుడు అసలు విషయం. ఇన్నేళ్ల ఉద్యోగంలో వయసు మీదపడి ఫెయిలైన బండ్లను నేను చూసింది తక్కువ. రెండు ఎఫ్‌సీల నడుమ ఏడాదంతా ఎవరూ తొంగి చూడని వస్తువులు ఉంటాయి చూడండి, అవి ఫెయిల్ చేస్తాయి. యజమానే డ్రైవరుగా ఉన్న 18 ఏళ్ల లారీ, నంద్యాల నుంచి బియ్యం బస్తాలు వేసుకుని తిరిగేది, ఒక్క లోపం లేకుండా బయటికి వెళ్లడం చూశాను. ఆరేళ్ల టిప్పరు, బేతంచర్ల వైపు రాయి మోసేది, వెనక కమాను కట్టలో పట్టీలు విరిగి, యు బోల్టులు వదులై, చాసిస్ మీద వెల్డింగు అతుకులతో రావడమూ చూశాను. రెండింటిలో పాత బండి ఏది? కాగితం ప్రకారం లారీయే. తనిఖీ గుంతలోకి దిగి, బండి కింద నుంచి చూస్తే టిప్పరే.

బ్రేకు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి. పాత పద్ధతిలో బ్రేకు ఎలా చూసేవాళ్లం? గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బండి తోలి బ్రేకు కొట్టమనేవాళ్లం. 13 మీటర్లలోపు ఆగాలి. ఆగిందా, టైరు గీతలు చూసేవాళ్లం. ఎడమ గీత నల్లగా, కుడి గీత పలచగా ఉంటే బండి ఒక పక్కకు లాగుతోందన్నమాట. అది కంటికి, అనుభవానికి సంబంధించిన పని. ఒకరికి కనిపించింది ఇంకొకరికి కనిపించకపోవచ్చు. కొందరు చూసీ చూడనట్టు పోయేవాళ్లు, అది కూడా మీకు తెలుసు, నేను దాచినా దాగదు.

ఇప్పుడు యంత్రాలతో పరీక్షించే కేంద్రాలు వచ్చాయి. వీటికి 2021 సెప్టెంబరులో నిబంధనలు ఇచ్చారు. ఆ కేంద్రం ఉన్నచోట పెద్ద బండ్లు అక్కడికే వెళ్లాలి. అక్కడ బ్రేకును రోలర్ల మీద చూస్తారు. ముందు చక్రాలు రెండూ రోలర్ల మీదికి ఎక్కిస్తారు. రోలరు చక్రాన్ని తిప్పుతుంది, డ్రైవరు మెల్లగా బ్రేకు తొక్కుతాడు. చక్రం ఎంత బలంగా అడ్డుకుంటోందో యంత్రం కొలుస్తుంది. ఎడమకు ఎంత, కుడికి ఎంత, విడివిడిగా. తర్వాత వెనక చక్రాలు. తర్వాత హ్యాండ్ బ్రేకు. ఆ బలమంతా కూడి బండి బరువుతో పోల్చి చూస్తారు. ఎడమ కుడి తేడా వేరేగా చూస్తారు.

పాత బండి ఎక్కడ పడిపోతుందో చెప్పండి? మెకానిక్‌లు చెప్పాలి. ఆ, అదే, తేడా దగ్గర. మొత్తం బలం సరిపోతుంది, బండి ఆగుతుంది, డ్రైవరు "నా బ్రేకు బ్రహ్మాండం" అంటాడు. కానీ ఎడమ ఎక్కువ, కుడి తక్కువ. ఎందుకు? ఒక పక్క హబ్‌లో ఆయిల్ సీల్ పోయి ఉంటుంది, ఆయిల్ డ్రమ్ములోకి చేరి, డ్రమ్మును పట్టి ఆపే లైనరు తడిసి ఉంటుంది. లేదా ఒక పక్క డ్రమ్మును లేతు మీద తురిమి తురిమి లోపలి వెడల్పు పెంచేసి ఉంటారు, రెండో పక్కది కొత్తది ఉంటుంది. లేదా ఎయిర్ బ్రేకు బండిలో బ్రేకు సందును సరిచేసే స్లాక్ అడ్జస్టరు ఒక పక్క బిగించి, రెండో పక్క మరిచిపోయి ఉంటారు. "ఒక పక్క లైనరే అరిగింది సార్, ఆ ఒక్కటే మార్చాను" అంటాడు యజమాని, డబ్బు మిగిలిందని. లైనర్లు మారిస్తే ఇరుసుకు రెండు పక్కలా మార్చాలి. ఇది ఎఫ్‌సీ కోసం చెప్పడం లేదు. ఆత్మకూరు దాటి నల్లమల ఘాట్‌లో దోర్నాల వైపు లోడుతో దిగేటప్పుడు, బ్రేకు తొక్కీ తొక్కీ డ్రమ్ములు కాలిపోతున్నప్పుడు, ఒక పక్కే పట్టిందంటే బండి ఏ పక్కకు తిరుగుతుంది? ఆ పక్క లోయ ఉందా, కొండ ఉందా అన్నది మన చేతిలో లేదు.

స్టీరింగు సంగతి. నిబంధన ఏమంటుందంటే, స్టీరింగు చక్రం 30 డిగ్రీలకు మించి ఉత్తినే ఆడకూడదు. చక్రం తిప్పుతుంటే టైరు కదలకుండా ఎంత మేర తిరుగుతోందో అదే ఆట. పాత లారీల్లో కొన్నింటికి పావు చుట్టు తిప్పినా టైరుకు కబురే అందదు. పావు చుట్టంటే 90 డిగ్రీలు! డ్రైవరును అడిగితే "నాకు అలవాటే సార్" అంటాడు. నీకు అలవాటే నాయనా, నువ్వు సెలవు పెట్టిన రోజు వచ్చే బదిలీ డ్రైవరుకు? ఇందులో గమ్మత్తు ఏమిటంటే, చాలా బండ్లలో స్టీరింగు బాక్సు బాగానే ఉంటుంది. ముందు చక్రం తిరిగే కీలు దగ్గర కింగ్ పిన్ బుష్‌లు, రెండు చక్రాలను కలిపే టై రాడ్ చివర్లలో బాల్ జాయింట్లు అరిగి ఉంటాయి. గ్రీజు కొట్టించక. వేలల్లో పోయే బాక్సు మార్పిస్తారు కానీ గ్రీజు గన్ను తీసుకుని బండి కిందికి దూరరు. పరీక్ష కేంద్రంలో ముందు చక్రాల కింద కదిలే పలకలు ఉంటాయి. అవి చక్రాలను అటూ ఇటూ నెడుతుంటే కింద గుంతలో ఉన్న మనిషికి ఏ జాయింటు టకటక కొట్టుకుంటోందో కనిపిస్తుంది, వినిపిస్తుంది కూడా.

దీపాలు. ఇక్కడ పాత బండి ఫెయిల్ కావడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే ఇది తక్కువ ఖర్చు పని. రిఫ్లెక్టరుకు వెండి పూత పోయి ఉంటుంది, ఎర్తు తీగ తుప్పుపట్టి ఉంటుంది, దాంతో దీపం గుడ్డిగా వెలుగుతుంది. యజమాని ఏం చేస్తాడు? పాత దీపం గూట్లో తెల్లగా మండే ఎల్‌ఈడీ బల్బు పెడతాడు. ఆ గూడు ఆ బల్బు కోసం చేసింది కాదు. వెలుతురు రోడ్డు మీద పడకుండా ఎదురువాడి కళ్లలో పడుతుంది. యంత్రం వెలుతురు ఎంత ఉందో చూడటమే కాదు, కిరణం ఎక్కడికి పోతోందో కూడా చూస్తుంది. అక్కడ ఫెయిలవుతాడు. అయ్యాక "ఇంత వెలుతురు పెడితే ఫెయిలా?" అని గొడవ.

రేడియం స్టిక్కర్ల గురించి ఒక్క మాట. ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు. నాణ్యత ముద్ర ఉన్నదే అతికించండి. బజారులో గజం లెక్కన అమ్మేది రెండు వానలకు, ఒక ఎండాకాలానికి సున్నంలా తెల్లబడిపోతుంది. ట్రాక్టరు ట్రాలీల వాళ్లకు ఇది మరీ చెబుతున్నాను. రాత్రిపూట వేరుశనగ కట్టె వేసుకుని దీపం లేకుండా రోడ్డు మధ్యన వెళుతుంటారు.

పొగ. డీజిల్ బండి పొగను ఒక గొట్టంలోంచి పంపి, అందులోంచి వెలుతురు ఎంత ఆగిపోతోందో కొలుస్తారు. పాత బండ్లకు, అంటే బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణం కంటే ముందువాటికి, ఆ అంకె 2.45 దాటకూడదు. బీఎస్-4 వాటికి 1.62. చూశారా, ఇక్కడ పాత బండికి పాత కొలతే పెట్టారు, కొత్త బండితో పోటీ పెట్టలేదు. అయినా ఫెయిలవుతుంది. నల్ల పొగ వస్తే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ అని అర్థం. ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి, తర్వాత డీజిల్ చిమ్మే నాజిళ్లు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. పిస్టన్ రింగుల పని, డబ్బు పెట్టాల్సిందే, మందు లేదు. ఎత్తులో లాగడం లేదని డీజిల్ పంపు సీలు పగలగొట్టి డీజిల్ ఎక్కువ వదిలే మహానుభావులు ఉన్నారు. బండి లాగుతుంది, నిజమే. పొగ కూడా లాగినంత దూరమూ వెంట వస్తుంది. ఇంకొకటి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగ పరీక్షకు పెట్టకండి. కాస్త తిప్పి, వేడెక్కించి తీసుకురండి.

ఇప్పుడు టైర్ల దగ్గరికి వచ్చాం. నవ్వుతున్నారు, నేను ఏం చెప్పబోతున్నానో మీకు తెలుసు. లారీకైనా కారుకైనా టైరు గాడి కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. గాడి అడుగున చిన్న గట్టు ఉంటుంది, టైరు అరిగి దానితో సమానమైందంటే మార్చాలి. మనవాళ్లు ఏం చేస్తున్నారు? ఎఫ్‌సీ రోజుకు టైర్లు అద్దెకు తెస్తున్నారు. పెళ్లిచూపులకు అద్దె నగలు పెట్టినట్టు. పొద్దున బిగిస్తారు, మధ్యాహ్నం సర్టిఫికెట్ వస్తుంది, సాయంత్రం విప్పి ఇచ్చేసి మళ్లీ బోడి టైర్లతో లోడుకు పోతారు. బ్యాటరీ అద్దె, స్టెప్నీ అద్దె, మంటలార్పే సిలిండరు అద్దె. అద్దెకిచ్చే అన్న కూడా ఇక్కడే ఎక్కడో ఉన్నాడు, నేను అటు చూడను.

మీరు గెలిచింది ఎవరి మీద? యంత్రాన్ని మోసం చేశామనుకుంటారు. ఎఫ్‌సీ కాగితం చెప్పేది ఆ రోజు ఆ గంటలో బండి ఎలా ఉందో, అంతే. మిగతా సంవత్సరమంతా దాని మీద కూర్చునేది మీరు. డోన్ దాటాక మే నెల మధ్యాహ్నం, రోడ్డు మీద చేయి పెడితే బొబ్బలెక్కే ఎండలో, బోడి టైరు పేలితే ఆ కాగితం తీసి దానికి చూపిస్తారా?

ఎండ అన్నాను కాబట్టి మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. సముద్రం పక్క జిల్లాల బండ్లకు తుప్పు శత్రువు. మన దగ్గర చెమ్మ తక్కువ, తుప్పు నిదానం. మన శత్రువు ఎండ. బ్రేకు గొట్టాలు, రేడియేటరు గొట్టాలు, ఫ్యాను బెల్టు, వైపరు రబ్బరు, తీగల మీద తొడుగు, అన్నీ ఎండిపోయి పగుళ్లిస్తాయి. బ్రేకు గొట్టాన్ని వంచి చూడండి. పగుళ్లు నోరు తెరిస్తే మార్చేయండి. కోస్తా నుంచి పాత బండి కొనుక్కొచ్చేవాళ్లు మాత్రం రెండూ చూసుకోవాలి. తుప్పు అక్కడిది, ఎండ ఇక్కడిది. క్యాబిన్ కింద, చాసిస్ అడ్డపట్టీల దగ్గర కొత్త రంగు దట్టంగా కనిపిస్తే సుత్తితో మెల్లగా కొట్టి చప్పుడు వినండి. ఇంకొకటి. 2009 అక్టోబరు వరదలో మన ఊళ్లో మునిగిన బండ్లు కొన్ని ఆ తర్వాత చేతులు మారి తిరుగుతూనే ఉన్నాయి. పైకి ఏమీ కనిపించదు. తీగ చివర కత్తిరిస్తే రాగి ఆకుపచ్చగా ఉంటుంది. అలాంటి బండికి ఈ ఏడాది ఇండికేటరు, వచ్చే ఏడాది హారను. మెకానిక్ ఫ్యూజు మారుస్తూనే ఉంటాడు. వైరింగు మొత్తం మార్చేదాకా అది తెగదు.

బస్సుల వాళ్లకు ఒక మాట. కర్నూలులో నిలబడి చిన్నటేకూరు పేరెత్తకుండా ఈ విషయం మాట్లాడలేను. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, 44వ నంబరు జాతీయ రహదారి మీద, బైకు బస్సు కింద ఇరుక్కుంది, మంటలు వచ్చాయి, నిద్రలో ఉన్నవాళ్లు బయటికి రాలేకపోయారు. ఆ కేసులోకి నేను వెళ్లను. తనిఖీ చేసినవాడిగా నేను చెప్పేది అత్యవసర ద్వారం గురించి. అది ఉందా అని చూస్తారు, ఉంటుంది. తెరవండి అంటే? సీటు అడ్డం, లగేజీ అడ్డం, గొళ్లెం రంగుతో బిగుసుకుపోయి ఉంటుంది. అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడయ్యా అంటే డ్రైవరు సీటు కింద పెట్టెలో, తాళం వేసి. ఎందుకంటే బయట పెడితే ఎత్తుకుపోతున్నారట! నెలకోసారి ఆ ద్వారం తెరిచి మూయండి. దానికి ఏ కేంద్రానికీ వెళ్లనక్కర లేదు.

ఫీజు గురించి మీరు అడగకముందే నేనే చెబుతాను. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన లారీకి, బస్సుకు ఎఫ్‌సీ ఫీజు 12,500 రూపాయలు చేశారు. ఆ తర్వాత కూడా రేట్లు మారాయి. అందుకే ఎవరి మాటా నమ్మకుండా రవాణా శాఖ వాళ్ల పరివాహన్ పోర్టల్‌లో ఆ రోజు రేటు చూసుకోండి. నా అభిప్రాయం అడిగితే, వయసును బట్టి ఫీజు వేయడం నాకు నచ్చలేదు. కొలిచే యంత్రాలు అన్ని పెట్టుకున్నాక బ్రేకు ఎంత, పొగ ఎంత అని చూసి పాస్ చేయండి, ఫెయిల్ చేయండి, ఎవరూ కాదనరు. బాగా చూసుకున్న 16 ఏళ్ల బండి చేసిన నేరం ఏమిటి? ఒక్క లారీ ఉన్న మనిషి ఫీజుకు పెట్టే ఆ డబ్బుతో నాలుగు చక్రాలకు లైనర్లు వేయించుకోవచ్చు. ప్రభుత్వం వాదన నాకు తెలియక కాదు. పాతవి మాని కొత్తవి కొనాలని, తుక్కు కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తెస్తే కొత్త బండి పన్నులో రవాణా వాహనానికి 15 శాతం వరకు, సొంత వాహనానికి 25 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని నిబంధన పెట్టారు. నిజంగా పని అయిపోయిన బండి ఉంటే ఆ దారి మంచిదే. కానీ కొత్త లారీ కొనే స్తోమత లేనివాడికి పన్ను రాయితీ ఏం చేసుకోవాలి? ఈ మాట నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా అన్నాను. అంటే ఏమైంది అని అడగకండి.

అయితే ఫీజు ఎక్కువ ఉందని ఎఫ్‌సీ ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు. అది మాత్రం చేయకండి. గడువు దాటాక రోజుకు 50 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతుంది, అది చిన్న విషయం. పెద్ద విషయం మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్లో ఉంది. ఎఫ్‌సీ లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే. దీని అర్థం రోడ్డు మీద పోలీసు ఆపితే తెలియదు. ఎవరికైనా బండి తగిలి కేసు కోర్టుకు వెళితే తెలుస్తుంది. బీమా కంపెనీ వకీలు మొదట అడిగే కాగితాల్లో ఎఫ్‌సీ ఒకటి. అది లేదంటే పరిహారం మీ ఇంటి మీదికి, పొలం మీదికి రావచ్చు. 15 ఏళ్లు ప్రీమియం కట్టి, ఒక్క ఏడాది ఎఫ్‌సీ ఎగ్గొట్టి, పొలం అమ్ముకోవడం దేనికి?

ఫెయిలైతే కంగారు పడకండి. రిపోర్టులో ఏ అంశంలో పోయిందో రాసి ఇస్తారు, అది చేతికి తీసుకోండి. ఏజెంటు చెప్పే మాట కాదు, ఆ కాగితం మెకానిక్‌కు చూపించండి. మళ్లీ పరీక్షకు 2021 నిబంధనల్లో 30 రోజుల గడువు పెట్టారు, ఫీజు కట్టి ఆ లోపు వెళ్లండి. వెళ్లే ముందు పన్ను, బీమా, కాలుష్య ధ్రువపత్రం, పాత చలాన్లు ఒకసారి చూసుకోండి. చాసిస్ నంబరు మీద మట్టి, రంగు గీకి శుభ్రం చేయండి. నంబరు చదవలేక బండి వెనక్కి తిరిగి వచ్చిందంటే ఎంత సిగ్గు!

ఇక మైకులో మాట్లాడింది చాలు. బయట షెడ్డులో గుంత మీద ఒక 17 ఏళ్ల లారీ పెట్టించాం, యజమాని ఒప్పుకున్నాడు, ఆయనకు కృతజ్ఞతలు. పదిమంది చొప్పున రండి, ముందు మెకానిక్‌లు, తర్వాత డ్రైవర్లు. కింగ్ పిన్ ఆట ఎలా చూడాలో, స్లాక్ అడ్జస్టర్లు రెండు పక్కలా సమానంగా ఎలా పెట్టాలో అక్కడే చూపిస్తాను. చెప్పులు వేసుకున్నవాళ్లు గుంతలోకి దిగకండి, అడుగున ఆయిల్ ఉంది.